చప్పుడు మానేసిన రైలు

ఆ వీధి చివరి మేడమీద గదికి చెడ్డపేరు ఊరికే రాలేదు.

రాత్రి బాగా పొద్దుపోయాక ఆ ఇంటి ముందునుంచి ఎవరూ నడిచేవారు కారు. తప్పనిసరి అయితే ఎదుటి వరస గోడని ఆనుకుని, తల తిప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ నడిచేవారు. చెప్పుల చప్పుడు వింటే దెయ్యం వెంటపడుతుందట. ఇంత మంది ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటున్నారని తెలిస్తే ఆ దెయ్యం ఎంత మురిసిపోయేదో!

ఇంతకీ ఆ గదిలో ఏముందంటే... రైలు నడిచేది.

నవ్వకండి. బొమ్మరైలే. అరచేతిలో ఇమిడే ఇంజను, దాని వెనక అగ్గిపెట్టెలంత పెట్టెలు. కానీ గదికి తాళం. లోపల దీపం లేదు. మనిషి లేడు. వీధంతా సద్దుమణిగాక, పైనుంచి మెల్లగా మొదలయ్యేది —

గరగరగర... టిక్. గరగరగర... టిక్.

ఇదంతా మా మామయ్య చెప్పగా విన్నాను. మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. చిన్న చిన్న మోటార్లు బాగుచేసే కొట్టు ఆయనది. మిక్సీలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు ఇల్లు గడవడానికి. బొమ్మరైళ్లు సరదాకి. మామయ్య అబద్ధం ఆడడని నేను అనను, అత్తయ్యతో రోజూ ఆడతాడు. ఇంజన్ల విషయంలో మాత్రం ఆయన నోట అబద్ధం రాగా నేను వినలేదు. అందుకే ఈ కథని కూడా నమ్మాను.

ఆ చప్పుడు మొదట విన్నది బేకరీ మేస్త్రీ. అందరూ పడుకునే వేళకి ఆయన పొయ్యి వెలిగించడానికి బయల్దేరతాడు. భారీ మనిషి, నోరు కూడా భారీయే. ఓ రాత్రి ఆ ఇంటి కిందకి వచ్చేసరికి టిక్కు వినబడింది. సైకిలు అక్కడే పడేసి బేకరీ దాకా పరిగెత్తాడు. మర్నాడు పొద్దున వీధివాళ్లకి రొట్టెలు మాడినవే దొరికాయి.

దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా. అప్పట్నుంచి మేస్త్రీ ఎవరు ఎదురైనా ముందు పాదాలకేసి చూసి, ఆ తర్వాతే మొహంకేసి చూసేవాడు. వాళ్ల అత్తగారు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు కూడా అలాగే చూశాడట. ఆవిడ దండం పెడుతున్నాడేమో అనుకుని దీవించింది.

నవ్వులాటకి చెబుతున్నాను గానీ, ఆ గది వెనక ఉన్న సంగతి నవ్వేది కాదు.

ఆ ఇంట్లో ఒక డ్రాయింగు మాస్టారు, ఆయన భార్య ఉండేవారు. ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. పిల్లల్లేరు. మాస్టారికి బొమ్మరైళ్ల పిచ్చి. మేడమీద గదిలో బల్లలన్నీ కలిపి పట్టాలు పరిచాడు. అట్టతో సొరంగం, రంగులేసి కొండలు, స్పంజి ముక్కలతో చెట్లు... చూస్తే అక్కడే ఉండిపోవాలనిపించేదట. ఆ పిచ్చిలో ఆయనకి తోడు మా మామయ్యే. ఇద్దరిదీ ఏరా అంటే ఏరా అనుకునే స్నేహం.

దెబ్బలాటలు కూడా రైళ్ల మీదే. మాస్టారికి నూనె విషయంలో చెయ్యి పెద్దది. ఇంజనుకి సూదిమొనతో ఒక్క చుక్క పెట్టాల్సిన చోట బుడ్డి వంపేసేవాడు. ఆ నూనె చక్రాలకి అంటి, పట్టాల మీదకి జారి, దాని మీద దుమ్ము కూచుని... వారం తిరక్కుండా ఇంజను జలుబు చేసినవాడిలా గురగురమనేది.

"బండికి నూనె పెట్టరా అంటే తలంటు పోస్తావేంటిరా!" అని మామయ్య అరిచేవాడు.

"దానికీ ఒళ్లు నొప్పులుంటాయిరా," అని మాస్టారు నవ్వేవాడు.

ఓసారి ఆ ఇంజనులో ఒక గేరు చీలింది. ఆ రకం ఇంజన్లన్నిటికీ ఉన్న జబ్బే అది. లోపలి ప్లాస్టిక్ గేరు కాలంతో పాటు ఎండి, ఇరుసు దగ్గర సన్నగా బీటవేస్తుంది. ఆ బీట దగ్గర రెండు పళ్లు ఎడం అవుతాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ, సరిగ్గా అక్కడికొచ్చేసరికి, టిక్. దానికి తోడు కింద బోలు బల్ల. ఇంజను చిన్నగా దగ్గితే బల్ల పెద్దగా దగ్గుతుంది.

ఆ గది కిందే నర్సు పడకగది. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి, పగలు కాసేపు కన్ను మూద్దామంటే నడినెత్తిన టిక్... టిక్... టిక్. ఓర్చుకుంది, ఓర్చుకుంది. చివరికి ఓరోజు మెట్లెక్కి వచ్చి, జుట్టు విరబోసుకుని గుమ్మంలో నిలబడి అరిచేసింది.

"ఆ చప్పుడన్నా ఆపండి! లేదంటే ఆ రైలెక్కి ఎటైనా పొండి! నన్ను మాత్రం పడుకోనివ్వండి!"

మర్నాడు మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దే పనిమీద ఏరు దాటి వెళ్లాడు. ఆ సాయంత్రం ఏటికి వరదొచ్చి పడవ తిరగబడింది. కొందరి శవాలు దొరికాయి, కొందరివి దొరకలేదు. మాస్టారి చేతిసంచీ తుప్పల్లో చిక్కుకుని దొరికింది. లోపల రంగు పెన్సిళ్లు, ఆవిడ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఉన్నాయి. డబ్బా మూత కూడా తియ్యలేదు.

మామయ్య ఒడ్డున తిండీ నిద్రా లేకుండా కూర్చున్నాడు, నీళ్లు తీసేదాకా. మనిషి తేలలేదు. ఇంటికొచ్చి కొట్టు మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా రోజులు గడిపాడు. అలాంటి స్నేహితుడు మళ్లీ దొరకడని ఇప్పటికీ... అని చెప్పబోయి ఆగిపోతాడు మామయ్య. ఎందుకు ఆగుతాడో మీకే తెలుస్తుంది.

నర్సు మాత్రం ఏడవడం కూడా సరిగ్గా ఏడవలేదు. ఒకటే మాట పట్టుకుంది. "పొమ్మన్నాను. పోయారు." అన్నం ముందు కూర్చున్నా అదే మాట. పైగదికి తాళం వేసి తాళంచెవి మెడలో గొలుసుకి కట్టుకుంది. రెండో తాళంచెవి మాస్టారి జేబులో ఉండేది. అదీ ఆయనతోపాటే నీళ్లలోకి పోయిందనుకున్నారు అందరూ.

కొన్నాళ్లకి ఆ చప్పుడు మొదలైంది.

వీధి వీధంతా వింది. బేకరీ మేస్త్రీ విన్నాడు, పక్కింటివాళ్లు విన్నారు, దారిన పోయేవాళ్లు విన్నారు. వినందల్లా ఒక్క మనిషే — ఆ ఇంట్లో ఉండే ఆవిడ.

ఆవిడకి నైట్ డ్యూటీ పడ్డ రాత్రులే రైలు నడిచేది. ఆవిడ ఇంట్లో ఉన్న రాత్రులు చీమ చిటుక్కుమనేది కాదు.

వీధివాళ్లు చెప్పగా విని ఆవిడ చూసిన చూపు మామయ్య మరిచిపోలేదట. భయం కాదది, ఆశ. ఆయన వస్తున్నారు! అని ఆశ. డ్యూటీలు మార్చుకుంది. రాత్రుళ్లు మెట్ల మీద కూర్చుంది. గది తలుపుకి చెవి ఆనించి తెల్లారేదాకా నిలబడింది. ఏమీ లేదు. మర్నాడు డ్యూటీకి వెళ్లిందో లేదో... గరగరగర, టిక్.

"అన్నయ్యా, నేను పొమ్మన్నాను కదా. ఆ కోపం ఇంకా పోలేదు," అంది మామయ్యతో. "వీధిలో పోయే ప్రతివాడికీ వినిపిస్తారు. నాకే వినిపించరు. ఒక్కసారి... ఒక్కసారి వినిపిస్తే చాలు. క్షమించమని అడుగుతాను."

మామయ్యకి దెయ్యాల మీద నమ్మకం లేదు. చప్పుళ్ల మీద మాత్రం బోలెడు నమ్మకం. నేరుగా బేకరీకి వెళ్లి మేస్త్రీని పట్టుకున్నాడు.

"ఏ చప్పుడు విన్నావో ఓసారి చేసి చూపించు."

మేస్త్రీ చుట్టూ చూసుకుని, గొంతు తగ్గించి చేశాడు. "గరగరగర... టిక్."

"కీచుమనలేదా? కీచుమంటే ఎండిన ఇరుసు."

"లేదు."

"టిక్కు ఒకేచోట వస్తోందా, రైలుతోపాటు తిరుగుతోందా? ఒకేచోటయితే తప్పు పట్టాల అతుకుది."

"కిటికీ దగ్గరా టిక్కే, అవతలి గోడ దగ్గరా టిక్కే."

"వేగం పెరిగితే టిక్కులు దగ్గరపడుతున్నాయా?"

"నేనేమన్నా దెయ్యం దగ్గర ట్యూషనుకి వెళ్లాననుకున్నారా!" అని మేస్త్రీ కసిరాడు. కాస్త ఆగి, మెల్లగా అన్నాడు — "పడుతున్నాయి."

మామయ్య పోల్చుకున్నాడు. చీలిన గేరే. అదే ఇంజను. మాస్టారు పోయినప్పుడు ఎలా ఉందో అలాగే, అదే జబ్బుతో నడుస్తోంది. తాళం వేసిన గదిలో... చీకట్లో... దాన్ని నడిపే మనిషి ఏటి అడుగున ఉండగా.

గది తెరిచి చూద్దామంటే నర్సు ఒప్పుకోలేదు. "వద్దన్నయ్యా. ఎవరన్నా అడుగు పెడితే రావడం మానేస్తారేమో."

సరేనని మామయ్య ఊరుకున్నాడు. కొట్టు, పని, ఇల్లు. మిక్సీల వాళ్లు మిక్సీలు తెచ్చారు, ఫ్యాన్ల వాళ్లు ఫ్యాన్లు తెచ్చారు. ఓరోజు ఏటి అవతల నుంచి ఒకావిడ వచ్చింది. వయసు తక్కువే, నెమ్మదైన మాట. కాగితం పొట్లం విప్పి ఒక చీలిన గేరు బల్లమీద పెట్టింది. ఆ రకం ఇంజనుదే. ఆ జబ్బు కొత్తది కాదు కాబట్టి మామయ్య ఆశ్చర్యపోలేదు.

"మా ఆయనకి బొమ్మరైళ్ల పిచ్చండీ. కొత్త గేరు కావాలన్నారు. చప్పుడు అస్సలు రాకూడదట."

"ఆయన్నే రమ్మనకపోయావా అమ్మా? బండి తెస్తే చూసి వేసేవాణ్ని."

"ఆయనకి తీరదండీ. ఎలా వెయ్యాలో తెలుసట."

ప్లాస్టిక్ గేర్లు బజార్లో రావడం ఎప్పుడో ఆగిపోయింది. మామయ్య ఇత్తడితో చేత్తోనే కోసి ఇస్తాడు. ఆవేళ ఇత్తడి రేకు అయిపోయింది. కొట్టు తలుపుది విరిగిపోయిన పాత గడియ ఒకటి ఉంటే దాన్నే సాగగొట్టి, పళ్లు కోసి, గేరు చేశాడు. గడియ మీద ఉన్న తీగ నగిషీలోంచి ఒక చిన్న ఆకు గేరు పక్కన మిగిలిపోయింది. ముచ్చటగా ఉందని అరగదియ్యకుండా వదిలేశాడు.

"సూదిమొనతో ఒక్క చుక్క నూనె చాలని చెప్పమ్మా. ఎక్కువ పొయ్యొద్దను."

ఆవిడ నవ్వింది. "ఆ ఒక్కటే చెప్పలేనండీ. నూనె విషయంలో ఆయన చెయ్యి పెద్దది."

"అలాంటివాడు నాకూ ఒకడుండేవాడు," అన్నాడు మామయ్య. కళ్లు చెమర్చాయని అటు తిరిగి తుడుచుకున్నాడట. ఆవిడ తెచ్చిన చీలిన గేరుని తన అలవాటు ప్రకారం సొరుగులో పడేశాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకి పైగదిలో చప్పుడు ఆగిపోయింది.

వీధి ఊపిరి పీల్చుకుంది. చెప్పులు మళ్లీ కాళ్లకి ఎక్కాయి. బేకరీ మేస్త్రీ తన కేకలకే దెయ్యం జడుసుకుని పారిపోయిందని చెప్పుకు తిరిగాడు. నర్సు ఒక్కతే చితికిపోయింది. డ్యూటీ నుంచి తిన్నగా కొట్టుకే వచ్చి, మిక్సీల మధ్య స్టూలు మీద కూలబడింది.

"ఆ కాస్తా కూడా పోయింది అన్నయ్యా. ఇంజను పాడైపోయిందేమో. నడవకే రావట్లేదేమో. నువ్వు బాగుచెయ్యి. ఎలా ఉండేదో అలా చెయ్యి."

దెయ్యానికి బండి రిపేరు చెయ్యమని అడిగిన మనిషి లోకంలో ఈవిడొక్కతే అయ్యుంటుంది. నాకు మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. మామయ్య మొహం చూశాక ఆ నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

ఆ రాత్రి ఆవిడకి డ్యూటీ. మెడలోని తాళంచెవి తీసి మామయ్యకిచ్చింది. వీధి గదిలో దీపం వెలిగించి వెళ్లిపోయింది. డ్యూటీకి వెళ్లే రాత్రి దీపం వెలుగుతూ ఉండాలనేది మాస్టారు పెట్టిన ఏర్పాటు. ఇంట్లో మనుషులున్నారని దొంగలు అనుకుంటారట. మనిషి పోయినా ఆవిడ ఆ అలవాటు తప్పలేదు.

మామయ్య వెనకవైపు మెట్లెక్కి తాళం తీశాడు. పైన దీపం వేస్తే వీధంతా పోగవుతుందని చేతిలో చిన్న టార్చి మాత్రం ఉంచుకున్నాడు.

గది... ఎలా ఉండేదో అలాగే ఉంది. సొరంగం, కొండ, స్టేషను. కిటికీ పక్కన చిన్న షెడ్డులో నల్లటి ఇంజను.

దాన్ని పట్టాల మీద పెట్టి మీట తిప్పాడు.

ఇంజను కదిలింది. చప్పుడు లేదు. గరగర లేదు, టిక్కు లేదు. పిల్లి నడిచినట్టు పోయి సొరంగంలో దూరింది. అవతల తేలింది. మళ్లీ దూరింది... చప్పుడు చేసే రైలుకి వీధంతా భయపడింది గానీ, చప్పుడు చెయ్యని ఆ రైలుకి మామయ్య భయపడ్డాడు. చీలిన గేరు దానంతటది అతుక్కోదు.

ఇంజనుని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు జారాయి.

నూనె. చక్రాల నిండా, అడుగునిండా నూనె. బొట్టుబొట్టుగా కారి చొక్కా మీద పడింది.

"ఒరేయ్..." అన్నాడు మామయ్య చీకట్లోకి. "నువ్వేనట్రా?"

ఎవరూ పలకలేదు. అయినా ఆ క్షణాన తన స్నేహితుడు గదిలోనే, పక్కనే ఉన్నాడనిపించి, భయం పోయి ఏడుపొచ్చిందట. చచ్చిపోయి కూడా చెయ్యి మారలేదురా నీది, అనుకున్నాడు. ఆపేక్షగా అనుకున్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం మామయ్య పళ్లు నూరుకుంటాడు.

టార్చి నోట్లో పట్టుకుని, స్క్రూ తిప్పి, అడుగు మూత తీశాడు.

గేరు మెరిసింది. ప్లాస్టిక్ కాదు, ఇత్తడి. నూనె తుడిచి, వెలుగు దగ్గరగా పెట్టి చూశాడు.

ఒక పక్కన... చిన్న ఆకు.

తన కొట్టు తలుపు గడియ.

మామయ్యకి అంతా అర్థమైంది. దెయ్యం గోడలోంచి రావచ్చు, తాళంలోంచి రావచ్చు. కొట్టుకి పెళ్లాన్ని పంపించి గేరు చేయించుకోదు! 'మా ఆయన,' అంది ఆవిడ. 'నూనె విషయంలో ఆయన చెయ్యి పెద్దది,' అంది. పడవ ఎక్కింది సంచీ ఒక్కటే. మనిషి ఎక్కలేదు. ఇక్కడ ఒకావిడ తన మాటే చంపిందనుకుని అన్నం మానేస్తుంటే, ఏటి అవతల ఇంకో ఇంట్లో అన్నం వడ్డించుకు తింటున్నాడు. రైలు మీద బెంగపుట్టి వస్తున్నాడు. పెళ్లాం మీద కాదు, స్నేహితుడి మీద కాదు, రైలు మీద! టిక్కు వినబడి దొరికిపోతానని భయపడి, ఈ స్నేహితుడి చేతే... ఈ స్నేహితుడి చేతే గేరు కోయించుకుని చప్పుడు మాన్పించుకున్నాడు.

"ఏటి ఒడ్డున కూర్చున్నానురా నీకోసం," అన్నాడు మామయ్య పళ్ల మధ్య నుంచి.

అప్పుడే మెట్ల మీద అడుగులు.

టార్చి ఆర్పేశాడు. తలుపు మెల్లగా తెరుచుకుంది. గుమ్మంలో తెల్లటి ఆకారం...

"అన్నయ్యా," అంది గుసగుసగా. నర్సు! తెల్ల యూనిఫాంలోనే ఉంది. "డ్యూటీ ఇంకో అమ్మాయికి అప్పజెప్పి వచ్చాను. నేను లేననుకుంటేనే కదా వస్తారు. అందుకే దీపం ఆర్పలేదు. వచ్చారా?"

"లేదమ్మా," అన్నాడు మామయ్య.

"ఇంజను బాగుపడుతుందా?"

"బాగానే ఉందమ్మా," అన్నాడు ఎలాగో.

"మరి రావట్లేదేం?"

ఏం చెబుతాడు? చెప్పకుండా ఎలా ఉంటాడు? చెల్లెమ్మా అని మొదలుపెట్టాడు. ఆవిడ చటుక్కున చెయ్యెత్తి ఆపింది.

కింద... వెనక గేటు కిర్రుమంది.

మెట్ల మీద అడుగులు పడుతున్నాయి. నెమ్మదిగా, దారి బాగా తెలిసిన అడుగులు. పై మెట్టు దగ్గర ఆగాయి. తాళం కోసం తడిమిన చేతి సవ్వడి వినిపించింది. తాళం లేదు... ఆవిడే తీసివుంచిందనుకున్నాడో, తనే వెయ్యడం మరిచాననుకున్నాడో, కాసేపు తటపటాయించి లోపలికొచ్చాడు.

చీకట్లో ఆవిడ ఇంకా దెయ్యమనే అనుకుంటోంది పాపం. చేతులు రెండూ జోడించి నిలబడింది.

ఆ నీడ అలవాటుగా కిటికీ పక్కకి వెళ్లింది. షెడ్డులో చెయ్యి పెట్టింది. ఖాళీ. పక్కన తడిమింది.

"ఇక్కడే పెట్టానే..." అంది గొంతు. మాస్టారి గొంతు. ఆ వెంటనే, తుమ్ము.

ఆవిడ జోడించిన చేతులు మెల్లగా కిందికి జారాయి. దెయ్యాలు తుమ్ముతాయని ఎవరూ చెప్పలేదు.

"ఏమండీ..."

ఆయన వెనక్కి తిరిగాడు. చీకట్లో, అందరూ దెయ్యాలగది అనే గదిలో, తనకెదురుగా తెల్లటి ఆకారం. ఒక్క కేక పెట్టాడు... ఆ కేకకి వీధిలో దీపాలన్నీ వెలిగాయి. తలుపుని గుద్దుకుని, మెట్ల మీద దొర్లి, కుంటుకుంటూ గేటు దాటి పోయాడు.

మామయ్య వెంటపడబోయాడు. ఆవిడ చొక్కా పట్టుకుని ఆపింది.

"బతికే ఉన్నారు," అంది. ఆసుపత్రిలో నాడి చూసి చెప్పినంత మామూలుగా అంది. అప్పుడు మామయ్య తన చేతిలోని ఇంజను, అందులోని ఆకు, కొట్టుకొచ్చిన ఆవిడ — అన్నీ చెప్పేశాడు. దాచడం ఆయనవల్ల కాలేదు.

అంతా విని నేలమీద కూర్చుంది. "నా మాటే చంపిందనుకున్నానన్నయ్యా. ఆసుపత్రిలో పసిపిల్లల్ని ఎత్తుకోవడానికి కూడా భయపడ్డాను, నా చెయ్యి మంచిది కాదేమోనని," అంది. ఆ తర్వాత ఏడ్చింది. అన్నాళ్లూ ఏడ్చిన ఏడుపులో ప్రేమ ఉండేది. ఇందులో అది లేదని మామయ్య అంటాడు.

పోలీసులకి చెబుదామన్నాడు. ఏరు దాటి వెళ్లి కాలర్ పట్టుకుంటానన్నాడు. ఆవిడ వద్దంది. తెల్లారాక ఇంజనుని గుడ్డలో చుట్టి ఇచ్చి, నీ దగ్గరే ఉంచు, నా ఇంట్లో వద్దంది.

ఆ తర్వాత ఓ పొద్దున, డ్యూటీ దిగి ఇంటికి వెళుతూ కొట్టు దగ్గర ఆగింది. ఆ చీలిన గేరు చూపించమంది. మామయ్య సొరుగులోంచి తీసి ఇచ్చాడు. గోరంత ముక్క. దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. అన్నాళ్లూ వినాలని తపించిపోయిన చప్పుడు అందులోంచే వచ్చింది మరి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"నమస్కారమండీ. గుర్తున్నానా? గేరు చేయించుకెళ్లాను."

మామయ్య చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడింది. ఏటి అవతలావిడ. కళ్లు గుంటలు పడివున్నాయి.

"గేరు బాగా కుదిరిందండీ, అందుకు కాదు వచ్చింది. మా ఆయన కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డారు. జ్వరం తగ్గట్లేదు. నిద్రలో ఒకటే పలవరింతలు. ఆ బొమ్మరైలు ఏదో దెయ్యాలకొంపలో ఉందటండీ, ఎవరో స్నేహితుడిదట, రాత్రుళ్లు అక్కడికెళ్లి నడుపుకునేవారట. నాకూ చెప్పలేదు. అక్కడే కనబడిందట..."

"ఎవరు కనబడ్డారు?" అని అడిగింది నర్సు. స్టూలు మీంచి లేవలేదు.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయన మొదటి భార్యండీ. తెల్లబట్టల్లో, జుట్టు విరబోసుకుని... అచ్చం ఎలా ఉండేదో అలాగే ఉందట. ఆవిడ పోయి చాలా కాలమైందండీ పాపం, పురిట్లోనే పోయిందట. నన్ను చేసుకునే ముందే చెప్పారు. ఆ బొమ్మరైలు వల్లే ఆవిడ పట్టుకుందేమో, ఏం చేస్తే వదులుతుందో మీకేమన్నా తెలుస్తుందేమోనని వచ్చాను."

మామయ్య నర్సుకేసి చూశాడు. బిడ్డ కోసం కనిపించిన ప్రతి డాక్టరు చుట్టూ తిరిగిన మనిషి. పొద్దస్తమానం ఇంకొకళ్ల పురుళ్లు పోసే మనిషి. ఆవిణ్ని పురిట్లో చంపేశాడు. ఆయన ఇక్కడ నీళ్లలో పోకముందే, ఏటి అవతలి ఇంటి లెక్కలో ఆవిడ పోయింది.

మామయ్య నోరు తెరిచాడు. నర్సు ఒక్క చూపు చూసింది. మూసేశాడు.

ఆవిడ స్టూలు మీంచి లేచింది. తెల్ల యూనిఫాం సర్దుకుంది. రాత్రంతా మేలుకోవడంతో ముడి వదులై జుట్టు భుజాల మీద పడింది. ఏటి అవతలావిడ దగ్గరికి వెళ్లి, ఆ అమ్మాయి అరచెయ్యి తీసుకుని, అందులో ఆ చీలిన గేరు పెట్టి, వేళ్లు మూసింది.

"మీ ఆయనకివ్వమ్మా. జ్వరం తగ్గుతుంది. ఎవరిచ్చారని అడిగితే..."

"అడిగితే?"

"పురిట్లో పోయినావిడ ఇచ్చిందని చెప్పు."

అమ్మాయి తెల్లబట్టలకేసి చూసింది. జుట్టుకేసి చూసింది. ఆ చూపు మెల్లగా కిందికి దిగి... నర్సు పాదాల దగ్గర ఆగింది.

పాదాలు తిన్నగానే ఉన్నాయి.